సర్వసేనాని తల కొలత

ఆ కార్ఖానాలో తయారయ్యేది సైన్యం. బొటనవేలంత సైన్యం. తొమ్మిది వేల ఏళ్ళ తర్వాత ఎవరూ చూడని ఒక గ్రహం మీద జరగబోయే యుద్ధం కోసం అక్కడ రోజుకు యాభై మంది సైనికులు పుడతారు. కొనుక్కున్నవాళ్ళు వాటిని బల్ల మీద పరిచి, పాచికలు వేసి, టేపుతో దూరాలు కొలిచి, ఒకరి సైన్యాన్ని ఒకరు చంపుకుంటారు. ఆట అయ్యాక చచ్చినవాళ్ళని తుడిచి మళ్ళీ పెట్టెలో సర్దుకుంటారు. ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండదు. దెబ్బ తగిలేది అంతకు ముందు, బొమ్మ పుట్టేచోట.

ఇంతకీ ఆ యుద్ధం దేనికోసమంటే, గాలి కోసం. నేను కల్పించి చెప్పడం లేదు, ప్రతి పెట్టెలోనూ ఒక చిన్న పుస్తకం ఉంటుంది, అందులో రాసి ఉంది. ఒక దుష్ట చక్రవర్తి గ్రహం మీది గాలినంతా గోడల మధ్య బంధించాడట. ప్రతి ప్రాణికీ గుండె నిండా ఊపిరి దక్కేదాకా మన సైనికుడు ఆయుధం దించడట. ఆ పుస్తకం రాసింది కార్ఖానా యజమానే. రాస్తూ రాస్తూ తన మాటలకి తానే కళ్ళు తుడుచుకున్నాడని మేనేజరు అందరికీ చెబుతుంటాడు. పుస్తకం చివర సంతకం 'సర్వసేనాని' అని ఉంటుంది. అందుకని పనివాళ్ళు ఆయన్ని ఎదురుగా 'సార్' అనీ, వెనక 'సేనాని' అనీ అంటారు.

ప్రతి సైనికుడి వీపు మీదా రెండేసి గాలి సిలిండర్లుంటాయి. వాటికి గొట్టాలు, గొట్టాలకి మరలు, మరల మీద గీతలు. మూతికి వడపోత తొడుగు. వాళ్ళ ఊపిరికి ఏ లోటూ రాకుండా చూసుకున్నారు.

బొమ్మకి రంగు పట్టాలంటే ముందు బూడిదరంగు పూత కొట్టాలి. దాన్ని ప్రైమర్ అంటారు. స్ప్రే తుపాకీతో కొడతారు. కొట్టే గది మేడమెట్ల కింద ఉంది. ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. కిటికీ లేదు, ఫ్యాన్ లేదు, తలుపు తెరిస్తే దుమ్ము వస్తుందని తలుపు కూడా తెరవకూడదు. అందులో తొమ్మిదేళ్ళుగా ఒక్కడే మనిషి. కనుబొమలు బూడిదరంగు, చెవుల వెంట్రుకలు బూడిదరంగు, ఉమ్మితే అదీ బూడిదరంగే. అందరూ బూడిదన్న అంటారు. ఆయన మూతికి తొడుగు ఒక చేతిరుమాలు. అది కూడా ఇంటి నుంచి తెచ్చుకున్నది.

బూడిదన్న భార్య రంగుల గదికి పెద్ద. తొమ్మిది మంది ఆడవాళ్ళు ఆమె కింద బ్రష్షులు పడతారు. బూడిదన్న తమ్ముడు అదే కార్ఖానాలో బొమ్మలు రూపొందిస్తాడు. ఒకప్పుడు బంకతో చేత్తో మలిచేవాడు, ఇప్పుడు కంప్యూటర్ తెర మీద మలిచి యంత్రంలో అచ్చేయిస్తాడు. వాణ్ణి చిన్నోడు అంటారు. చిన్నోడు ఆమెని వదినా అని పిలవడం విని విని మొత్తం కార్ఖానా ఆమెని వదినా అనే పిలుస్తుంది. కోపం వచ్చినప్పుడు సేనాని కూడా నోరు జారి వదినగారూ అంటాడు.

ఫ్యాన్ కోసం రెండేళ్ళలో నాలుగు కాగితాలు పెట్టారు. మొదటి కాగితానికి 'చూద్దాం' అన్నారు. రెండోదానికి 'చూస్తున్నాం' అన్నారు. మూడోదానికి, ఫ్యాన్ గాలికి పూత గరుకు తేలి నాణ్యత చెడుతుందని జవాబొచ్చింది. నాలుగో కాగితానికి కాగితం కూడా రాలేదు, మేనేజరు వచ్చాడు. ఆయన పేరు అవున్సార్. అసలు పేరు ఆయనకి గుర్తుందో లేదో మనకి తెలియదు.

"తడి పూత దగ్గర దగ్గితే తుంపర పడుతుందమ్మా," అన్నాడు అవున్సార్. "దగ్గేవాళ్ళు ఇంటి దగ్గర దగ్గుకోవాలి."

"ఇంటి దగ్గరా దగ్గుతున్నారు లెండి," అంది వదిన. "ఆయన అక్కడ తుపాకీ పట్టుకోరు కాబట్టి మీకు లెక్కలోకి రాలేదు."

డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇంకో ఏడాది ఆ గదిలో ఉంటే తన దగ్గరికి రావడం దండగ అని చెప్పాడు. మరో పని చూసుకోవచ్చుగా అంటారు, తిన్నది హాయిగా అరిగినవాళ్ళు. బూడిదన్నకి తెలిసిన పని అదొక్కటే. పైగా ఆయన మానేస్తే ఆ గదిలోకి ఇంకొకడు వస్తాడు. వాడికీ ఒక జత ఊపిరితిత్తులే ఉంటాయి.

అట్లాంటి రోజుల్లో సేనానికి ఒక ఆలోచన వచ్చింది.

రంగుల గదిలోకి వచ్చి బల్ల మధ్యలో నిలబడ్డాడు. వెనకే అవున్సార్.

"వచ్చేవారం మన పదో వార్షికోత్సవం," అన్నాడు సేనాని. "హాలు నిండా అతిథులు. నడుమ పెద్ద బల్ల మీద నాలుగొందల మంది సైన్యం. ఆ సైన్యం ముందు ఒక కొత్త బొమ్మ ఉండాలి. సర్వసేనాని బొమ్మ. ముఖం నాది."

"అవున్సార్."

"నేనింకా అడగలేదయ్యా."

"అవున్సార్."

చిన్నోడు లేచి నిలబడ్డాడు. పనిలో మంచివాడు, మాటలో మెత్తనివాడు. "తప్పకుండా చేద్దాం సార్. ముఖం మీదే పెడదాం. తల మాత్రం కొంచెం పెంచుతాను."

"పెంచడమేంటి?"

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగింది బోధపడదు. బొటనవేలంత బొమ్మకి మనిషి కొలతలు అక్షరాలా పెడితే తల మినపగింజంత వస్తుంది, చేతులు అగ్గిపుల్ల మొనంత వస్తాయి. చెయ్యి చాచిన దూరం నుంచి చూస్తే ముఖం ఉండదు, వేళ్ళుండవు. అందుకని ఈ పని చేసేవాళ్ళంతా తలని బఠాణీగింజంత చేస్తారు. చేతులు లావు చేస్తారు. తుపాకీని దూలంలా చేస్తారు. బొమ్మలన్నీ ఒకే తీరున అబద్ధమాడతాయి కాబట్టి ఏదీ అబద్ధంలా కనబడదు. లోకంలో ఎక్కడైనా ఈ బొమ్మలు ఇట్లాగే చేస్తారు. పదేళ్ళుగా వాటిని అమ్ముకుంటున్న సేనానికి మాత్రం తెలియదు. ఆయన బొమ్మలు చూసేది పెట్టె మీది ఫొటోలో.

చిన్నోడు ఇదంతా వివరించాడు.

"అంటే నా తల ఉన్నది ఉన్నట్టు పెడితే చాలదంటావు," అన్నాడు సేనాని.

"అట్లా కాదండీ. అందరికీ పెంచుతాం కదా..."

"అందరికీ పెంచు. వాళ్ళకి అవసరం. నాకెందుకు? నా కొలతలు నాకు చాలు. నన్ను యంత్రంతో స్కాన్ చెయ్యి. ఉన్నది ఉన్నట్టు రావాలి. ఒక్క వెంట్రుక మార్చినా ఊరుకోను."

స్కాన్ చేశారు. అట్టతో కవచం కట్టించుకుని, వెండిరంగు కాగితం అంటించుకుని, సేనాని గంటసేపు కదలకుండా నిలబడ్డాడు. తెర మీద చూసుకుని మురిసిపోయాడు. పొట్ట దగ్గర మాత్రం యంత్రం ఏదో పొరపాటు చేసినట్టుందని ఒక పిడికెడు తగ్గించమన్నాడు. చిన్నోడు తగ్గించాడు. ఆమోదం కోసం గోడంత తెర మీద బొమ్మని చూపించారు. ఆ తెర మీద సేనాని తల గుమ్మడికాయంత ఉంది. అద్భుతం అన్నాడు.

వదిన గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. "సార్, పక్కన మన మామూలు సైనికుణ్ణొకణ్ణి నిలబెట్టి చూడండి."

"సర్వసేనాని పక్కన ఎవడూ నిలబడడమ్మా," అన్నాడు సేనాని, సంతకం పెడుతూ.

మర్నాడు పొద్దున్నే అరవై మంది సర్వసేనానులు అచ్చయి వచ్చారు. అతిథులందరికీ తలా ఒకటి పంచాలని ఆజ్ఞ. బూడిదన్న తలుపేసుకుని అరవైకీ పూత కొట్టాడు. పది నిమిషాలకోసారి తలుపు సందులోంచి దగ్గు వినబడుతుంటే వదిన బ్రష్షు ఆపి, దగ్గు ఆగాక మళ్ళీ మొదలుపెట్టింది. అది ఆమెకి తెలియకుండానే అలవాటైపోయింది.

పూత ఆరాక ట్రే రంగుల గదికి వచ్చింది. కవచం, చొక్కా, బూట్లు, అన్నీ సజావుగా సాగాయి. ఆఖరికి బొమ్మ కళ్ళమ్మాయి చేతికొచ్చింది. ఆ గదిలో కళ్ళు పెట్టేది ఆమె ఒక్కతే. బ్రష్షు మొనని పెదాల మధ్య తడి చేసి సూదిలా తీర్చి, ఊపిరి బిగబట్టి, ఒకే చుక్కతో కన్ను పెడుతుంది. ఇరవై వేల కళ్ళు పెట్టిన చెయ్యి. ఆ రోజు బ్రష్షు ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది.

"ఇదేంటి వదినా? కన్ను పెట్టడానికి చోటేది?"

"భూతద్దం పెట్టుకోవే."

"పెట్టుకున్నా. రెండు కళ్ళూ పెడితే ఇంక ముఖమంతా కళ్ళే. ఒకటి పెట్టనా?"

గది గొల్లుమంది. వదిన ఆ బొమ్మని అందుకుని, రంగులు పూర్తయిన మామూలు సైనికుల వరస ముందు నిలబెట్టింది. అందరూ మీద పడి చూశారు.

సైనికులు ఎప్పటిలాగే ఉన్నారు. బఠాణీ తలలు, లావు పిడికిళ్ళు, దూలాల్లాంటి తుపాకులు. వాళ్ళ ముందు వెండి కవచంలో, పుల్లల్లాంటి చేతులతో, మెడ మీద మినపగింజతో సర్వసేనాని. ఎత్తు సమానమే. కానీ వాణ్ణి చూస్తే సైన్యాన్ని నడిపించేవాడిలా లేడు.

"తప్పిపోయిన పిల్లాణ్ణి ఇంటికి దిగబెడుతున్నట్టున్నారు," అంది ఒకామె.

"జ్వరంపడి లేచాడేమో పాపం."

"ఆ తుపాకీ వాడికిస్తే వాడే కింద పడతాడు."

"పోనీ పొట్టైనా ఉండనివ్వాల్సింది మరిదీ," అంది వదిన చిన్నోడితో. "చూడ్డానికి ఏదో ఒకటి మిగిలేది."

చిన్నోడు తల పట్టుకుని నవ్వాడు. మెట్ల కింది గదిలోంచి బూడిదన్న కూడా వచ్చి, బొమ్మని చూసి, గట్టిగా నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. గోడకి చెయ్యి ఆన్చుకుని, వంగిపోయి, కళ్ళ నీళ్ళు కారుతుండగా దగ్గాడు. గదిలో నవ్వులన్నీ ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. వదిన వీపు నిమురుతూ నిలబడింది. ఆయన చేతిరుమాలు తీసి మూతి తుడుచుకుని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. మడతలో ఏముందో వదినకి చూపించలేదు.

సరిగ్గా అప్పుడే సేనాని వచ్చాడు.

బల్ల దగ్గర ఎవరూ కదలలేదు. ఆయన వంగి చూశాడు. కళ్ళజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవడు చేశాడిది?"

"యంత్రం సార్," అన్నాడు చిన్నోడు. "ఉన్నది ఉన్నట్టు."

"నేనిట్లా ఉన్నానా?"

అవున్సార్ నోరు తెరిచాడు. ఆ ఒక్కసారికి దేవుడు మేలు చేసి ఆయనకి తుమ్మొచ్చింది.

"తల పెంచేస్తాను సార్," అన్నాడు చిన్నోడు. "అరగంట పని."

బుద్ధున్నవాడైతే సరే అనేవాడు, కథ అక్కడితో అయిపోయేది. కానీ తల పెంచడానికి ఒప్పుకుంటే, తల చిన్నదని ఒప్పుకున్నట్టే. అధికారం చలాయించేవాళ్ళకి ఇట్లాంటి చోట బుర్ర మహా చురుగ్గా పనిచేస్తుంది. సేనాని రెండు అడుగులు అటూ ఇటూ తిరిగి, ఆగి, చూపుడువేలు ఎత్తాడు.

"నాది పెంచొద్దు. వాళ్ళవి తగ్గించండి."

"ఎవరివి సార్?"

"సైనికులవి! నాలుగొందల మందివీ. తలలు, చేతులు, తుపాకులు, అన్నీ నిజం కొలతకి దించండి. ఇక నుంచి మన కంపెనీ నిజాయితీకి మారుపేరు కావాలి."

"అవున్సార్!" తుమ్ము తీరిన మేనేజరు గట్టిగా అన్నాడు.

చిన్నోడు నీళ్ళు నమిలాడు. "సార్, పదకొండు రకాల సైనికులు. అన్నీ మళ్ళీ మలచాలి, మళ్ళీ అచ్చెయ్యాలి, మళ్ళీ పూత కొట్టాలి, మళ్ళీ రంగులెయ్యాలి. వార్షికోత్సవం ఎనిమిది రోజుల్లో ఉంది."

"అయితే ఎనిమిది రోజుల్లో చెయ్యండి."

"నాలుగొందలు, రెండేసి పూతలు," అంది వదిన. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఆ గదిలో. మా ఆయన."

"చేస్తాన్లేవే," అన్నాడు బూడిదన్న.

అదీ మన దౌర్భాగ్యం. పీక మీద కాలేసినవాడికి కాలు నొప్పెడుతుందేమోనని అడిగే రకం మనుషులున్నారు, బూడిదన్న అందులో ఒకడు. మంచివాడు, కాదనను. ఆ మంచితనం మీదే ఆ గది తొమ్మిదేళ్ళు కిటికీ లేకుండా నడిచింది.

"మీరు నోరు ముయ్యండి," అంది వదిన. మొగుడితో అట్లా మాట్లాడ్డం అదే మొదటిసారి. తర్వాత సేనాని వైపు తిరిగింది. "ఫ్యాన్ పెట్టించండి సార్. గోడకి కన్నం కొట్టి, లోపలి గాలి బయటికి లాగే ఫ్యాన్. అది తిరిగాక పూత మొదలవుతుంది."

"ఇది బెదిరింపా?"

వదిన తన బ్రష్షుని తీసుకుని, వెంట్రుకలు కిందికి వచ్చేలా నీళ్ళ గ్లాసులో దించి వదిలేసింది.

బయటివాడికి అదేమీ కాదు. ఆ గదిలో అది ఇంట్లో శవం లేచినట్టు. బ్రష్షుని మొన మీద నీళ్ళలో వదిలేస్తే వెంట్రుకలు వంగిపోతాయి, ఇక సూదిమొన తిరిగి రాదు, బ్రష్షు చచ్చినట్టే. కొత్తగా చేరినవాళ్ళకి వదిన నేర్పే మొదటి పాఠం అదే. పొరపాటున ఎవరైనా వదిలితే రోజంతా తిట్టేది. ఇప్పుడు తానే, ఆరేళ్ళుగా వాడుతున్న సొంత బ్రష్షుని తలకిందులుగా ముంచింది.

కళ్ళమ్మాయి తన బ్రష్షుని ముంచింది. పక్కామె ముంచింది. తొమ్మిది గ్లాసుల్లో తొమ్మిది బ్రష్షులు, వదినది పదోది.

సేనానికి దాని అర్థం తెలియలేదు. అవున్సార్ చెవిలో చెప్పాడు. అప్పుడు సేనాని ముఖం మాడ్చుకుని చొక్కా చేతులు మడిచాడు.

"ఆ గదిలో ఏముందని ఇంత రాద్ధాంతం? నేను కొట్టి చూపిస్తా. ఇలా తే తుపాకీ."

పాతిక బొమ్మల ట్రే పట్టుకుని మెట్ల కింది గదిలోకి దూరి తలుపేసుకున్నాడు. బయట అందరూ గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డారు. లోపల తుపాకీ బుస్సుమంది. రెండు నిమిషాలకి దగ్గు వినబడింది. నాలుగో నిమిషంలో ఏదో కింద పడింది. ఆరో నిమిషంలో తలుపు దభాలున తెరుచుకుంది. సేనాని బయటికొచ్చాడు. జుట్టు, మీసం, కళ్ళజోడు, పట్టుకున్న ట్రే, అన్నీ ఒకటే రంగు. రంగుకి సిద్ధంగా ఉన్నాడు, ఎవరైనా వేస్తే.

"ఈ గదిలో... మనిషనేవాడు... ఉండగలడా!" అని రొప్పాడు.

"అవున్సార్!" అన్నాడు మేనేజరు, అలవాటు కొద్దీ.

"గాడిదా!"

ఇట్లా జరిగిందంటే ఇక ఆయన మనసు కరిగిపోయి ఫ్యాన్ వచ్చేసిందని మీరనుకుంటే, మీరు ఎక్కడా పని చేసి ఉండరు. ఆరు నిమిషాలు ఉక్కిరిబిక్కిరైతే మనసు కరగదు. స్నానం చేస్తారు. సేనాని స్నానం చేసి, చొక్కా మార్చుకుని, చిన్నోణ్ణి ఒక్కణ్ణే మేడ మీది తన గదికి పిలిపించాడు. కుర్చీ చూపించాడు. ఆ కుర్చీలో పనివాడెవడూ కూర్చున్నది లేదు.

"చూడవయ్యా," అన్నాడు. "నువ్వు కళాకారుడివి. వాళ్ళతో నీకేంటి? నిన్ను ప్రధాన రూపశిల్పిగా వేస్తున్నాను. నీకో గది, తలుపు మీద నీ పేరు. మీ అన్నని గౌరవంగా ఇంటికి పంపిద్దాం, పాపం విశ్రాంతి కావాలి. ఆ గదిలోకి ఇంకో కుర్రాణ్ణి తెస్తాను. నువ్వు ఈ తలల సంగతి చూడు. ఫ్యాన్ ఒక్కటి అడక్కు."

"ఫ్యాన్ ఎందుకు కుదరదు సార్? గోడకి కన్నమే కదా."

"కుదరదంటే కుదరదు."

అంటూ సేనాని లేచి కిటికీ తెర లాగాడు. లాగేలోపు చిన్నోడు కిందికి చూశాడు. కింద కనబడేది మెట్ల కింది గది వెనక గోడ. ఆ గోడకి ఆనుకుని రేకుల నీడ. ఆ నీడలో, మెత్తటి తొడుగు కప్పుకుని, సేనాని కారు. తెల్ల కారు.

చిన్నోడు కిందికి దిగి వచ్చేసరికి అందరూ చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నారు. వదిన వాడి ముఖం చూసింది.

"ఏమిచ్చాడు?"

"గది. తలుపు మీద పేరు."

"తీసుకుంటావా?"

వాడు ఆశపడలేదని అబద్ధం చెప్పను. పదేళ్ళుగా బొమ్మలు చేస్తున్నవాడు, ఒక్క పెట్టె మీద కూడా వాడి పేరు లేదు. అన్న వాడి వంక చూడనే లేదు. నేల వైపు చూస్తూ కూర్చున్నాడు, ఊపిరి తీసినప్పుడల్లా పిల్లి గురకలాంటి చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు ఇంట్లో గోడ అవతల నుంచి చిన్నోడు రోజూ వింటూనే ఉన్నాడు.

"వదినా," అన్నాడు చివరికి. "ఆ గోడ అవతల సార్ కారుంటుంది."

"అయితే?"

"ఫ్యాన్ పెడితే పూత దుమ్ము దాని మీద పడుతుంది. అందుకే."

నాణ్యత, గరుకు, బడ్జెట్, తుంపర. రెండేళ్ళ కాగితాలన్నిటికీ కింద ఉన్నది అదన్నమాట. కారుకి తొడుగుంది, రేకుల నీడుంది, చుట్టూ గాలుంది.

"నేను చచ్చాక ఇది తెలిసుంటే బాగుండేది," అన్నాడు బూడిదన్న. తొమ్మిదేళ్ళలో ఆయన నోట వచ్చిన మొదటి కోపపు మాట అది.

మర్నాడు సేనాని వచ్చేసరికి బ్రష్షులు ఇంకా గ్లాసుల్లోనే ఉన్నాయి. వార్షికోత్సవానికి ఏడు రోజులుంది. ఆహ్వానాలు వెళ్ళిపోయాయి. బయటి నుంచి రంగులవాళ్ళని తెమ్మని అవున్సార్‌ని పంపించాడు. ఇద్దరొచ్చారు. ఒకామె సైనికుడికి పెట్టిన కన్ను చెంప మీద పడింది. రెండో ఆమె నల్లరంగు కడిగిన నీళ్ళని కాఫీ అనుకుని తాగేసి, మూతి కడుక్కుని అటే వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం సేనాని బల్ల ముందుకి వచ్చాడు.

"సరే, ఏం కావాలి మీకు?"

"కొత్తగా ఏం లేదు సార్," అంది వదిన. "ఆ కారుని జరపండి. దానికి చక్రాలున్నాయి."

ఆయన చిన్నోడి వంక చూశాడు. చిన్నోడు చూపు తిప్పుకోలేదు.

"కారు ఎండలో పెట్టమంటారా వదినగారూ?"

"మనిషిని విషంలో పెట్టారు కదా సార్."

"నాలుగొందలు కుదరవు ఇప్పుడు. రోజులు లేవు. నా బొమ్మ అట్లాగే వెళ్తుంది, నలుగురూ నవ్వుతారు, మీకు సంతోషమేగా?"

అప్పుడు చిన్నోడు మాట్లాడాడు. "నాలుగొందలూ మార్చక్కర్లేదు సార్. మీ తల పెంచక్కర్లేదు కూడా. శిరస్త్రాణం పెడదాం."

"అంటే?"

"ఇనుప టోపీ, ముఖం మీదికి దిగేది. టోపీ ఎంత పెద్దదైనా ఉండొచ్చు, లోపల తల మీ కొలతలోనే ఉందని మీరు చెప్పుకోవచ్చు. చేతులకి లావు చేతొడుగులు. అరవై మెడల మీద అరవై టోపీలు. ఒక్క రోజు పని."

"నా ముఖం కనబడదుగా!"

"గొప్ప సేనాని ముఖం శత్రువుకి చూపించడు సార్," అంది కళ్ళమ్మాయి, భలే గంభీరంగా. "పుస్తకంలో అట్లా రాయండి. మీరు బాగా రాస్తారు."

సేనాని ఆలోచించాడు. ఆయన పెదాలు కదిలాయి, అప్పుడే వాక్యం కట్టుకుంటున్నట్టు. "ముఖం లేని నాయకుడు," అన్నాడు మెల్లగా. "అందరి ముఖమూ అతనిదే."

"అవున్సార్," అన్నాడు అవున్సార్.

"టోపీ ఎప్పటికిస్తావు?"

చిన్నోడు వదిన వంక చూడలేదు. తనే చెప్పాడు. "ఫ్యాన్ తిరిగిన మర్నాటికి."

ఎలక్ట్రీషియన్ మరుసటి రోజు పొద్దున్నే వచ్చాడు. కారు ఎండలోకి వెళ్ళింది. సేనాని మేడ మీద తెర వేసుకుని కూర్చున్నాడు, చూడలేక. లోపలి నుంచి గోడకి ఉలి పెట్టిన ఎలక్ట్రీషియన్ కాసేపటికి తల బయటికి పెట్టి, "ఇదేం గోడండీ, ఇటుక తగలట్లేదు," అన్నాడు. వేలు మందాన ప్రైమరు పేరుకుపోయి ఉంది, పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. ఆయన ఒక పెచ్చు చేతిలో పెట్టుకుని తిప్పి చూసి, "ఇదంతా గోడ మీదున్నది మాత్రమే కదా," అని బూడిదన్న వైపు చూసి, మిగతా మాట మింగేసి మళ్ళీ పనిలో పడ్డాడు.

కన్నం పడింది. గదిలోకి పగలు వచ్చింది. ఫ్యాన్ బిగించి మీట నొక్కారు. వదిన ఒక కాగితం ముక్క పట్టుకుని ఎదురుగా నిలబడింది. కాగితం ఫ్యాన్ వైపు సాగి రెపరెపలాడింది. ఆమె వదిలేసింది. చటుక్కున లాక్కుని బయటికి విసిరేసింది ఫ్యాన్.

బూడిదన్న మామూలు సైనికుల ట్రే తీసుకుని లోపలికెళ్ళాడు. తలుపేసుకున్నాడు. తుపాకీ బుస్సుమంది. చిన్నోడు టోపీ పని వదిలేసి వచ్చి నిలబడ్డాడు. తొమ్మిది మందీ నిలబడ్డారు. పది నిమిషాలైంది. దగ్గు వినబడింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆ ఊపిరితిత్తులు ఇకముందు ఎంత బాగుపడతాయో డాక్టరుకే తెలియదు, నేనెట్లా చెప్పను? మూడోసారి మాత్రం వినబడలేదు.

వదిన తలుపు కొద్దిగా తీసి లోపలికి చూసింది.

"ఎట్లా ఉందండీ?"

ఆయన తుపాకీ దించి, చేతిరుమాలు కిందికి లాగి, ఏదో తప్పు చేసి దొరికినవాడిలా చూశాడు.

"గాలి తగులుతోందే. చలేస్తోంది."

"రేపు స్వెటర్ తెస్తా," అంది వదిన. "ఫ్యాన్‌ని మాత్రం ఆపారో, చూసుకోండి."